మేడ మీద ట్యాంకు

మా క్యాంపస్‌లో పదవీ విరమణ చేసిన ఒక ప్రొఫెసర్ తన గది ఖాళీ చేస్తూ, ఎప్పుడో కొని విప్పని ప్లాస్టిక్ మోడల్ కిట్ ఒకటి నా చేతిలో పెట్టారు. అది నాకంటే పాతది. ముక్కలన్నీ అతికిస్తే అరచేతిలో పట్టే యుద్ధ ట్యాంకు తయారవుతుంది. తార్నాకలో నేను అద్దెకుంటున్న మేడ మీది గదిలో, దిద్దాల్సిన జవాబు పత్రాలు పక్కకు నెట్టి పని మొదలుపెట్టాను.

ఒక ఆదివారం బాల్కనీలో నిలబడి స్నేహితుడికి ఫోన్‌లో గట్టిగా చెప్పాను. "ట్యాంకు కట్టడం అయిపోవచ్చింది. పైభాగం ఒక్కటే మిగిలింది."

ఫోన్ పెట్టేసేలోపే కింద ఉండే ఓనర్ ఆంటీ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు.

"ఏంది సార్, నాకొక మాట చెప్పకుండ ట్యాంకు కడ్తున్నరా? స్లాబు ఆగుతదా?"

నవ్వు ఆపుకుంటూ బల్ల మీద ఉన్నది చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు.

"గిదా? గింత దానికి గంత లొల్లా?"

నాకు సిగ్గేసింది. ఫిరంగి ఉన్న పైభాగానికి గమ్ రాసి పెట్టబోతే పక్కకు జారిపోయింది. "జర ఆగుండ్రి" అంటూ ఆవిడే కుర్చీ లాక్కుని కూర్చుని, దాన్ని రెండు వేళ్ళతో కదలకుండా పట్టుకున్నారు. ఇంతలో కింద కుక్కర్ విజిల్ వేసింది. మళ్ళీ వేసింది.

"ఆంటీ, కుక్కరు!" అన్నాను.

"ఎయ్యనీ సార్. ఇప్పుడిడిస్తే ఊడిపోతది."

ఆ రోజు వాళ్ళింట్లో పప్పు మాడింది. ఫిరంగి మాత్రం కొంచెం వంకరగానైనా నిలబడింది. ఇప్పుడా ట్యాంకు ఆవిడ టీవీ పక్కన ఉంటోంది. వచ్చినవాళ్ళందరికీ "నేనూ సారూ కట్టినం" అని చూపిస్తున్నారు.