నీళ్లు లేని ఊళ్లో రోజూ ఉతికిన చొక్కా

మా చిన్నప్పుడు... అంటే మరీ నిజాం కాలం కాదు లెండి, నేను తొమ్మిదో తరగతి వెలగబెడుతున్న రోజులు... చిక్కడపల్లిలో ఒక మేడ మీద, రేకుల షెడ్డు కింద, తెలుగు ట్యూషన్ నడిచేది.

అక్కడ ఒక ఆచారం. ఎవరి జవాబు బాగుంటే సారు దాన్ని పైకి చదివేవారు. తర్వాత ఆ నోట్సు చేతులు మారుతూ క్లాసంతా తిరిగేది... అందరూ చూసి రాసుకోవాలి. రెండేళ్లపాటు అలా తిరిగిన నోట్సు నాదే. నా ప్రతిభకు మూలం అట్ట వేసిన ఒక గైడ్ అని, ఆ అట్ట మీద "సైన్సు రికార్డు" అని రాసి ఉండేదని ఈరోజు సభాముఖంగా ఒప్పుకుంటున్నాను.

అప్పుడొచ్చింది స్వరూప. సిద్దిపేట దిక్కున ఏదో ఊరు. నారాయణగూడలో చిన్నమ్మ ఇంట్లో ఉండేది. వాళ్లన్న అశోక్ నగర్ హాస్టల్లో సర్కారు కొలువు కోసం చదువుతున్నాడు. నూనె పెట్టి బిగించిన రెండు జడలు, ఇంకు కారే పెన్ను... నాకేం ప్రమాదం అనుకున్నాను.

ఆ వారం పాఠం ఒక యుద్ధ కవిత. ఊరి చుట్టూ శత్రువులు. లోపల తిండి లేదు, నీళ్లు లేవు. భర్త కోట గోడ మీద కాపలా. భార్య రోజూ అతని చొక్కా ఒకటి ఉతికి మిద్దె మీద ఆరేస్తుంది. అంతే కథ.

సారు అడిగారు. "తాగనీకే నీళ్లు లేవంటిరి. మరి ఆమె రోజు చొక్కా ఎందుకు ఉతుకుతున్నది?"

నేను లేచాను. చొక్కా సర్దుకుని ఛాతీ విరుచుకున్నాను. "తెలుపు శాంతికి చిహ్నం సార్. శుభ్రత దేశభక్తికి చిహ్నం సార్."

"అది తెల్ల చొక్కా అని నీకెవలు చెప్పిన్రు శ్రీకాంతూ?"

గైడ్ చెప్పింది. ఆ మాట పైకి అనలేం కదా...

స్వరూప లేచింది. "ఆరేసేటందుకే ఉతుకుతున్నది సార్. గోడ మీదికెల్లి ఆయనకు మిద్దె కనవడ్తది. తడి చొక్కా ఉన్నదంటే ఇయ్యాల గూడ ఆమె బతికే ఉన్నట్టు. ఎండిపోయిన చొక్కా అయితే... ఎన్నడు ఆరేసిందో ఆయనకెట్ల ఎర్కైతది?"

సారు చేతిలో చాక్‌పీసును చూసుకోకుండా జేబులో వేసుకున్నారు.

ఆ సాయంత్రం క్లాసంతా తిరిగింది ఆమె నోట్సు. నా దగ్గరికీ వచ్చింది. నా చేత్తో, నా పెన్నుతో, ఆమె జవాబు ఎక్కించుకున్నాను. ఆ బాధ పగవాడికి కూడా వద్దు... వద్దులెండి, పగవాడికి కొంచెం ఉన్నా పరవాలేదు.

రాత్రంతా ఒకటే ఆలోచన. నా గైడ్‌లో లేనిది ఆమెకెలా తెలిసింది? అంటే ఇంకా లావు గైడ్ ఏదో ఉంది! వాళ్లన్న సప్లై చేస్తున్నాడు!

మర్నాడు ట్యూషన్ అవగానే వెంటపడ్డాను. చిక్కడపల్లి సందుల్లోంచి అశోక్ నగర్ దాకా, డిటెక్టివ్‌లా, మిర్చి బండ్ల చాటున దాక్కుంటూ. ఆమె ఒక హాస్టల్ ముందు ఆగి, పైకి చూసి వాళ్లన్నను పిలిచింది. ఇక ఆగలేకపోయాను.

"నిజం చెప్పు. ఏ గైడ్ చదువుతున్నవ్?"

ఉలిక్కిపడి చూసింది. "గైడేంది? కవిత చదివిన."

"గంతేనా?"

ఆలోచించింది. "మల్లొకసారి చదివిన."

మూడో అంతస్తు నుంచి వాళ్లన్న తొంగి చూశాడు. "ఎవడే వాడు?"

"మా ట్యూషన్ పిలగాడే అన్నా. గైడ్ కావాల్నంట."

"ఏ పోస్టుకు తమ్మీ?" అన్నాడాయన ఎంతో ఆప్యాయంగా. "పాతయి ఉన్నయ్, పైకి రా!"

వెళ్లలేదు. పరుగు పెట్టాను.

వారం తర్వాత పరీక్ష. కసితో ఆమె జవాబు మొత్తం కామాలతో సహా బట్టీ పట్టాను. ఎలాగైనా సారుతో పైకి చదివించుకునే ఆ చోటు నాకు తిరిగి రావాలి. పేపర్ చూశాను... "చివరి చరణంలో చొక్కా మునుపటికన్నా చిన్నగా ఎందుకు కనిపించింది?" అని ఉంది. నా పెన్ను ఆ ప్రశ్నను పట్టించుకోలేదు. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు, ఒకటిన్నర పేజీ, తడి చొక్కా గురించి కక్కేసింది.

సారు నా పేపర్ పైకెత్తారు. "మస్తు రాసినవ్ శ్రీకాంతూ. గని నేనడిగింది ఇది గాదు. ఇది నీది గూడ గాదు."

క్లాసు నవ్వింది. స్వరూప నవ్వలేదు... అది చూసి నాకు ఇంకా మండింది.

తర్వాత ఆమెది చదివారు. "ఇన్ని నెలలు తిండి లేక అతను చిక్కిపోయి ఉంటాడు. పాత కొలత వదులైపోతుంది. అందుకే ఆమె కుట్లు వేసి చొక్కాను చిన్నది చేసింది. అతను వచ్చి తొడుక్కుంటాడని ఆమెకు తెలుసు."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కవితకో, కుళ్లుకో... ఇప్పటికీ తేల్చుకోలేదు. ఒక్కటి మాత్రం అర్థమైంది. ఆమె దగ్గర్నుంచి నేను ఎత్తుకొచ్చింది ఒక్క జవాబే... ఆమెకు ఇంకోటి పుడుతుంది. నాకు పుట్టదు.

మొన్న సరదాకి ఆ ప్రశ్నలే ఫోన్‌లో ఏఐని అడిగాను. రెండు సెకన్లలో పన్నెండు లైన్లు, తప్పుల్లేకుండా. మా మేనకోడలికీ అవే వచ్చాయట, వాళ్ల క్లాసందరికీ అవేనట. చదివి పక్కన పెట్టాను. అసూయ కూడా కలగలేదు. ఎవరి వెనకాల అశోక్ నగర్ దాకా పరుగెత్తను చెప్పండి?

మీ క్లాసులో మీ కడుపు మండించిన ఆ ఒక్కరు ఎవరు? ఇప్పటికైనా ఒప్పేసుకోండి... కామెంట్లలో నేనొక్కణ్నే కుళ్లుబోతులా నిలబడి ఉన్నాను.