ముందు ఆ ఇంట్లో చెప్పాలి

మా మేడం పోయారన్న కబురు నాకు మిర్యాలగూడ బస్టాండులో తెలిసింది. కోదాడ నుంచి సార్ ఫోన్ చేశారు. సార్ అంటే మేడం భర్త, ఉద్యోగమంతా ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. "అమ్మా, మీ మేడం పొద్దున లేవలేదు" అన్నారు. నేను "అంటే?" అన్నాను. అన్నాక నా నోటి మీద నాకే కోపం వచ్చింది. ఆయనతో ఆ మాట విడమరిచి చెప్పించాను కదా. కాలేజీకి పోవాల్సినదాన్ని కోదాడ బస్సెక్కి కూర్చున్నాను. గరిడేపల్లి వచ్చేదాకా ఏడుపు రాలేదు. అది మా అమ్మమ్మ ఊరు. అక్కడ బస్సు ఆగగానే ఆపుకోలేకపోయాను. పక్క సీటులోని ఆమె ఏమీ అడక్కుండా తన నీళ్ల సీసా నా చేతిలో పెట్టింది.

మేడం సూర్యాపేటలో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్పేవారు. నలభై దాటాక ఆమెకు జెనెటిక్స్ మీద మనసు పడింది. జువాలజీ క్లాసులో వెనక బెంచీ మీద, తన కాలేజీ పిల్లల పక్కనే కూర్చొని నేర్చుకున్నారు. తోటి లెక్చరర్లు నవ్వితే నవ్వనిచ్చారు. తలసీమియా అనే రక్తపు జబ్బు మా పల్లెల్లో ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి పోతోందో, ఏ పెళ్లిళ్లతో పెరుగుతోందో లెక్కగట్టడం ఆమె పరిశోధన. ఇనుప కడ్డీలో వేడి ఎట్లా పాకుతుందో చెప్పే సమీకరణం ఒకటి ఉంది. దాన్ని సార్ దగ్గర తీసుకొని, మార్చి, తన పనికి వాడుకున్నారు. "నా వేడిని ఎత్తుకుపోయింది" అని సార్ అందరికీ చెప్పుకొని మురిసిపోయేవారు.

నిజం చెప్పొద్దూ, ఆమె దగ్గర రీసెర్చికి చేరిన కొత్తలో నాకు ఒళ్లు మండేది. ఏం చెప్పినా "ఎట్లా తెలుసు?" అనేవారు. ఎండగా ఉంది మేడం అంటే కూడా అదే ప్రశ్న. ఒకసారి బెండకాయలు లేతగున్నయన్న పాపానికి కూరగాయలమ్మే ఆమెనూ అడిగారు. ఆమె మండిపడి, "తిని సూడు, తెలుస్తది" అంటే, మేడం నిజంగానే ఒక పచ్చి బెండకాయ విరిచి నమిలి, "అవునమ్మా, లేతగానే ఉంది" అని కొనుక్కున్నారు. నేను సిగ్గుతో పక్క బండి వైపు తిరిగి నిలబడ్డాను.

ఆమెకు ఒక నియమం ఉండేది. ఎవరి రక్తం తీసుకున్నామో, తేలిన సంగతి ముందు ఆ ఇంటికి పోయి, అర్థమయ్యే తెలుగులో చెప్పాలి. సైన్సు పత్రికకు పంపేది ఆ తర్వాతే. "లెక్కలోళ్లు డాక్టర్లతో మాట్లాడరు, డాక్టర్లు లెక్కలంటే జడుసుకుంటారు. మధ్యలో పిల్లని ఒళ్లో పెట్టుకొని తల్లి కూర్చుని ఉంటుందమ్మా" అనేవారు. ఆ మాట అన్నప్పుడు మా ఇంటి సంగతి ఆమెకు తెలియదు.

మా అక్కను మేనమామకే ఇచ్చారు. అంటే మా అమ్మమ్మే అక్కకు అత్త. వాళ్ల మొదటి బిడ్డకు తలసీమియా. నెలనెలా సూర్యాపేట దవాఖానకు తీసుకొచ్చి రక్తం ఎక్కించాలి. అక్కకు గానీ మామయ్యకు గానీ జబ్బు లేదు, కానీ జబ్బు తెచ్చే లోపం ఇద్దరి రక్తంలోనూ సగం సగం ఉంది. హడావుడిలో ఉన్న డాక్టరొకరు "మీకు నలుగురిలో ఒకరు ఇట్లా పుడతారు" అని చెప్పి పంపారు. ఇంట్లో వాళ్లు దాన్ని మరోలా పట్టుకున్నారు. అక్క మళ్లీ నెల తప్పినప్పుడు అమ్మమ్మ ముఖం వెలిగిపోయింది. "నలుగుర్ల ఒకరన్నరు. ఆ ఒక్కరు అయిపాయె. ఇగ పుట్టేటోళ్లు మంచిగనే ఉంటరు" అంది. కాదమ్మమ్మా, అట్లా కాదు అంటే ఎవరు వింటారు? నిన్నమొన్నటిదాకా ముక్కు కారుతూ తిరిగిన పిల్లను నేను. మేడంతో చెప్పాను. ఆ ఆదివారమే ఆమె బస్సెక్కి గరిడేపల్లి వచ్చారు.

చాప మీద కూర్చొని టీ తాగి, "పెద్దమ్మగారూ, మీ ఇంట్లో గవ్వలుంటాయా?" అని అడిగారు. అష్టాచెమ్మా ఆడనిదే అమ్మమ్మకు పొద్దు పోదు. తెచ్చిచ్చింది. మేడం అందులోంచి రెండు తీశారు. "ఇది అమ్మ, ఇది నాన్న. రెండూ బోర్లా పడితే బిడ్డకు జబ్బు. గవ్వ సరిగ్గా సగం సగం పడదు, ఈ పూటకి పడుతుందనుకుందాం. వేయండి." అమ్మమ్మ వేసింది. రెండూ బోర్లా పడ్డాయి. "ఇది మీ మనవరాలు. ఇప్పుడు మళ్లీ వేయండి." మళ్లీ రెండూ బోర్లాయే. "ముందెట్లా పడిందో గవ్వకు గుర్తుండదు పెద్దమ్మగారూ. ప్రతి బిడ్డకూ మొదటి నుంచే" అన్నారు మేడం. అక్క లేచి వంటింట్లోకి పోయింది. అక్కడ గిన్నెలు కడిగిన చప్పుడు చాలాసేపు వినబడింది, కడగాల్సిన గిన్నెలేవీ లేకపోయినా.

హైదరాబాదులో పరీక్ష చేయించారు. కడుపులో బిడ్డకూ జబ్బే. ఉంచుకోవాలా వద్దా అని అక్క అడిగితే, "అది నేను చెప్పకూడదు తల్లీ. నువ్వు ఏదన్నా నీ పక్కన ఉంటా" అన్నారు మేడం. అక్క వద్దనుకుంది. ఆ రోజంతా మేడం దవాఖాన వరండాలో ఇనుప కుర్చీలో కూర్చున్నారు. బయటకు వచ్చిన అక్క ఆమె ముఖం చూడకుండా ఆటో ఎక్కింది. ఇంటికొచ్చాక అమ్మమ్మ నాతో, "లెక్కలు చెప్పనీకె వచ్చి కడుపు ఖాళీ చేయించె మీ మేడం. మళ్ల నా గడప తొక్కొద్దని చెప్పు" అంది. నేను చెప్పలేదు. ఆమె మాత్రం మళ్లీ రాలేదు.

అప్పటి నుంచి అక్క మేడంతో మాట్లాడలేదు. మేడం నన్ను ఒక్కటే అడిగేవారు, "పాపకు రక్తం దొరికిందా?" అని. ఒక వేసవిలో దొరక్కపోతే క్లాసు మధ్యలో ఆపి, రక్తం ఇవ్వగల పిల్లలందర్నీ వెంటబెట్టుకుని దవాఖానకు నడిచారు. తనకు ఇన్సులిన్ తీసుకునేంత షుగరు. "నాది ఎవరికీ పనికిరాదు" అని బయట చెట్టు కింద నిలబడ్డారు. ఎవరు పంపారో అక్కకు చెప్పొద్దన్నారు.

పరిశోధన పేపరు రాసేటప్పుడు మా ఇంటి రక్త పరీక్షల ఫలితాలు వాడుకోవచ్చా అని అక్కను నాతో అడిగించారు. అక్క వద్దంది. ఆ ఇల్లు తీసేస్తే లెక్క బలం తగ్గుతుందని తోటి వాళ్లు పోరారు. "కుంటితే కుంటనీ. ఆ పిల్ల వద్దంది" అని కొట్టేశారు. ఆ సాయంత్రం మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "గవ్వలు రెండోసారి వేయమనకుండా ఉండాల్సింది. ఒక్కసారికే అర్థమయ్యేది వాళ్లకి" అన్నారు. అంత పెద్దావిడ నా ముందు అట్లా కూర్చోవడం నేను తట్టుకోలేకపోయాను. మీది తప్పు కాదన్నాను. "ఎట్లా తెలుసు?" అన్నారు. అది అక్కనే అడగాలి. ఆ ధైర్యం మేడంకు గానీ నాకు గానీ రాలేదు.

కోదాడలో ఇంటి ముందు టెంటు వేశారు. మేడంను ఫ్రీజర్ పెట్టెలో పడుకోబెట్టారు. ఎప్పుడూ కళ్లజోడుతో చూసిన ముఖం కదా, అది లేకపోయేసరికి ఎవరో వేరే మనిషిలా ఉన్నారు. బస్సులోంచి అక్కకు ఫోన్ చేసి కబురైతే చెప్పాను, రమ్మని అడగలేదు. మధ్యాహ్నం దాటాక బిడ్డ చెయ్యి పట్టుకొని అక్క వచ్చింది. సూర్యాపేటలో పాపకు రక్తం ఎక్కించి, అటు నుంచి అటే వచ్చిందట. పాప చేతికి దూది, దాని మీద ప్లాస్టరు అట్లాగే ఉన్నాయి. ఆ ప్లాస్టరు చూసే ఎవరో పోల్చుకున్న సార్ లేచి, తన కుర్చీ పాపకు జరిపారు.

అక్క నా పక్కకు వచ్చి నిలబడింది. "ఆమె జెప్పకుంటే ఇద్దర్ని ఎత్తుకొని దవాఖానకు తిరిగేదాన్ని నేను. ఒక్కదానికే పానం పోతుంటది నాకు నెలనెలా. ఆమె జెప్పింది మంచిదే అయింది. గా మాట చెప్దామని ఎన్నిసార్లు అనుకున్ననో. నోరు రాలే" అంది. ఆ మాట విని నేను భోరుమన్నాను. ఆ మాట కోసమే కదా మేడం ఇన్నాళ్లూ ఎదురుచూసింది. నిన్న రాత్రి చెప్పినా వినేవారు.

నన్ను వదిలి అక్క పెట్టె దగ్గరకు పోయింది. మోకాళ్ల మీద కూర్చొని, మేడం చెవి ఉన్న వైపు అద్దానికి నోరు ఆనించి ఏదో చెప్పసాగింది. ఆమె ఊపిరికి అద్దం మసకబారి మేడం ముఖం కనబడకుండా పోయింది. అక్క ఆగి, కొంగుతో అద్దం తుడిచి, ముఖం కనబడ్డాక మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది.