హెస్టర్ అడుగులు

హల్ పట్టణపు నాటకశాలకు హెస్టర్ గార్‌సైడ్ అందరికంటే రెండు గంటలు ముందే వచ్చేది. కోటైనా విప్పకుండా ఖాళీ రంగస్థలం మీద తలుపు నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి కిటికీకి అడుగులు లెక్కపెట్టుకునేది. ముప్పయ్యేళ్ళు సినిమా దీపాలకు ఎదురు నిలిచిన కళ్ళు డెబ్బయ్యో ఏట బాగా మసకబారాయి. తెలిస్తే వేషాలివ్వరని ఎవరికీ చెప్పలేదు. చెల్లెలు చదివి వినిపిస్తుంటే బంగాళాదుంపల తొక్క తీస్తూ నాటకంలో తన మాటలన్నీ కంఠతా పట్టేది.

చివరి రిహార్సల్ నాడు ఎవరో కుర్చీని రెండడుగులు జరిపారు. హెస్టర్ దానికి తగిలి బోర్లా పడింది. మేనేజర్ ఓల్డ్‌రాయిడ్ పరుగెత్తుకొచ్చాడు. ఆమె చెయ్యి అతని భుజం కోసం గాలిలో తడుముకోవడం చూసి సంగతి గ్రహించాడు.

"ఎన్నాళ్ళనుంచి మేడమ్ ఇలా? వద్దు, వేరే ఆవిణ్ణి పిలిపిస్తాను. రేపు అందరి ముందూ పడితేనో?"

"పిలిపించు. ఆవిడ మాటలు నేర్చుకునేలోపు తెర లేస్తుంది." హెస్టర్ దోక్కుపోయిన మోకాలికి రుమాలు కట్టుకుని లేచింది. "చూడు నాయనా, చూడాల్సింది జనం. వాళ్ళకి కళ్ళున్నాయిగా! ఆ కుర్చీని ఎవర్నీ ముట్టుకోనివ్వకు, చాలు. ఊఁ, మొదట్నుంచీ కానివ్వండి."

మూడు అంకాలూ ఆడింది. నాటకంలో పోయాల్సిన టీ కూడా చుక్క ఒలక్కుండా పోసింది. అందరూ వెళ్ళాక ఓల్డ్‌రాయిడ్ సుత్తి తెచ్చి, కుర్చీ నాలుగు కాళ్ళనూ తనే నేలకు మేకులతో బిగించాడు.