పడవలో ఆరో వంతు

పోయినవి ముందు చెబుతాను. రెండు గేమ్ సెట్ల ఖరీదులో దాదాపు మూడొంతులు, గదికి వచ్చే కుర్రాళ్లు, వేటపడవలో ఆరో వంతు. సెట్లు మాత్రం చెడిపోలేదు. ఇప్పటికీ నా కొట్టుకు తెచ్చి తగిలిస్తే బొమ్మ వస్తుంది.

2022 చివర. కోట అనే ఊళ్లో నాది గేమ్ కన్సోళ్లు అమ్మి, బాగుచేసే కొట్టు. కన్సోల్ అంటే టీవీకి తగిలించి ఆడే పెట్టె. నేను పెద్దగా చదువుకోలేదు. లెక్క మాత్రం సొంతంగా నేర్చుకున్నాను.

సముద్రం ఒడ్డు పల్లె నుంచి మస్తానమ్మ వచ్చింది. వేటకు వెళ్లిన భర్త ఆ ఏడే తిరిగి రాలేదు. పడవలో ఆయనకు ఆరో వంతు ఉంది. కొడుకు పడవెక్కే ఈడు రావడానికి ఇంకా మూడేళ్లు. అందాకా ఆ వంతును తోటి భాగస్వాములకు లక్షా ఎనభై వేలకు ఇచ్చింది. మూడేళ్లలో అంతే కడితే వంతు వెనక్కి ఇస్తామని మాట.

ఆ డబ్బుతో రెండు సెట్లు, రెండు టీవీలు, ఇన్వర్టర్, కుర్చీలు కొని ఇంటి ముందు గదిలో పెట్టింది. ఆడే కుర్రాళ్ల దగ్గర గంటకు యాభై. కరెంటు, కొత్త గేములు పోను నెలకు ఐదు వేలు మిగలాలి. ముప్పై ఆరు నెలలకు వంతు చేతికొస్తుంది. పాత రకం సెట్లు నా దగ్గర ఏడేళ్లు అద్దెకు ఆడాయి కాబట్టి మూడేళ్లకు భయపడనక్కర్లేదనుకున్నాం.

ఇరవై ఆరు నెలలు లెక్క తప్పలేదు. ఆమె దగ్గర లక్షా ముప్పై వేలు చేరాయి. అప్పుడు అదే రకంలో ఇంకా వేగంగా నడిచే సెట్టు మార్కెట్లోకి వచ్చింది. కోటలో ఒకాయన నాలుగు తెచ్చి పెట్టాడు. కుర్రాళ్లు బండ్లెక్కి అక్కడికే పోయారు. పోతూ ఒకడు, "అక్కా, నీ ఫుట్‌బాల్ ఆటలో గోల్‌కీపర్‌కి చూపు ఆనడంలా, కళ్లజోడు కొనియ్యి" అన్నాడట. ఆ మాట చెప్పి ఆమె కూడా నవ్వింది. తర్వాత అడిగింది.

"కొత్త ఇంజను వచ్చిందని పాత ఇంజను పడవని సముద్రం రావద్దంటదా అన్నా?"



ఆ పైన గది రాబడి కరెంటు బిల్లుకే సరిపోయింది. గడువు నాటికి యాభై వేలు తక్కువ. రెండు సెట్లూ అమ్మితే ఇరవై ఎనిమిది వేలు వస్తాయి. ఇంకా ఇరవై రెండు వేలు కావాలి. నేను సర్దుతానంటే వద్దంది. భర్త పోయాక తీర్చిన అప్పులే చాలంది.

పడవ భాగస్వాముల్లో ఒకడు, ఆమెకు మరిది వరసయ్యే పోలయ్య నా కొట్టుకే వచ్చి తల వంచుకుని కూర్చున్నాడు.

"వదిన కోసం ఆగాలనే ఉండాదన్నా. వల పూరాగా పోయింది. వంతు ఎవురికన్నా ఇయ్యకపోతే వేటకి పొయ్యేదెట్టా?"

పక్క పల్లె ఆయన డబ్బు కట్టి ఆ వంతు తీసుకున్నాడు.

ఫోన్లలాగే కన్సోళ్లు కూడా రెండేళ్లకొకసారి మారాలని నా కొట్లో కుర్రాళ్లు వాదిస్తుంటారు. ఇంట్లో ఆడుకునేవాడికి అది లాభమే. బొమ్మ బాగుంటుంది. కానీ దాని మీద బతికేవాళ్లకు, తన ఖరీదు తను సంపాదించేదాకా యంత్రం పాతబడకూడదు. అద్దెకు పెట్టుకుంటామని వచ్చినవాళ్లకు ఇప్పుడు ముందే చెబుతున్నాను: సెట్టు ఎన్నేళ్లు పనిచేస్తుందో చెప్పగలను, ఎన్నేళ్లు గిరాకీ ఉంటుందో చెప్పలేను.

మస్తానమ్మ రొయ్యల షెడ్డులో పనికి పోతోంది. కొడుక్కి ఈడు వచ్చింది. తండ్రి పడవే ఎక్కాడు, కూలికి. వేట పంచేటప్పుడు అందరి తర్వాత వాడి కూలి ఇస్తారు. నా లెక్కలో మాత్రం వాడికి రావలసింది ఇప్పటికీ ఆరో వంతు.