ఆరో రోజు నేను పోసిన నీళ్ళు

మా అన్న పోయాడని మొన్న బుధవారం పొద్దున తాండూరు నుంచి ఫోనొచ్చింది. పక్కింటామె చాయ్ ఇద్దామని తలుపు కొడితే పలకలేదట. ఆయనకు పెళ్ళాం పిల్లలు లేరు. ఒక్కడే ఉండేవాడు, ఒక్కడే పోయాడు.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోనని దానికి ముందే చెప్పాను. ఇది ఏడవడానికి రాయిస్తున్నది కాదు. శవం ఇంకా వాకిట్లో ఉండగానే ఒక పెద్దమనిషి బీడీ తాగుతూ పక్కవాడితో, "గీయనే గద, ఏడు దినాల సైకిల్ ఆటల ఆరోనాడే కునికి కాలు పెట్టింది" అని నవ్వాడు.

"నీ నోరు పడిపోను, నువ్వు చూసినవా?" అని లేచాను. నలుగురు ఆడవాళ్ళు నన్ను పట్టుకొని కూర్చోబెట్టారు. వాడు చూడలేదు. ఎవరూ చూడలేదు. చూసింది నేనొక్కదాన్నే.

అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలకు బస్సులు బందైనప్పుడు మా అన్న ఒక పాత సైకిల్ సంపాదించాడు. మేముండేది వికారాబాద్‌లో, ఆయన పని తాండూరులో నాపరాళ్ళు కోసే దగ్గర. రైలెక్కరాదా అంటే, "రైలు పట్టాల మీద్నే పోవాలె. నాకు గట్ల పోబుద్ది కాదు" అనేవాడు. అనంతగిరి గుట్ట దిగేటప్పుడు రెండు చేతులూ వదిలేసేవాడట. ఆ రుచి మరిగాక సైకిల్‌కున్న మడ్‌గార్డులు పీకేశాడు, చైన్ కవరు పీకేశాడు, ఆఖరికి బ్రేకులూ తీసేశాడు.

"ఈకలు పీకిన కోడి లెక్కున్నదన్నా" అన్నాను.

"గీ కోడే ఎగురుతది చూడు" అన్నాడు.

బ్రేకులెందుకు తీశావని అడిగితే, "బ్రేకుంటే చెయ్యి దాని మీదికే పోతది చెల్లె, మనసు గూడ" అనేవాడు.

పని అయిపోయాక అందరూ ఇళ్ళకు పోతే ఆయన అక్కడే ఉండేవాడు. పెద్ద బండనొకదాన్ని ఏటవాలుగా ఆనించి, దూరం నుంచి తొక్కుకుంటూ వచ్చి దాని మీదుగా గాలిలోకి లేచేవాడు. గాలిలోనే హ్యాండిల్ తిప్పేవాడు. వెనక చక్రం మీద నిలబడి ఒక బండ మీది నుంచి ఇంకో బండ మీదికి గెంతేవాడు. ఎవరూ నేర్పలేదు, అసలట్లాంటి విద్య ఒకటుందని చెప్పినవాళ్ళు కూడా లేరు. ఒకసారి సద్ది ఇద్దామని రైల్లో తాండూరు పోతే, మోకాలు చిట్లి రక్తం కారుతుంటే వంగి కూర్చొని బండ మీద సుద్దముక్కతో గీతలు గీస్తున్నాడు, చక్రం ఎక్కడ పడాలో, ఎక్కడ లేవాలో.

"ఆడపిల్ల లెక్క ముగ్గేస్తున్నవా?" అన్నాను.

"ముగ్గే. చక్రాలతోని ఏసే ముగ్గు. నీకొస్తదా?"

వికారాబాద్‌కు సర్కస్ వచ్చినప్పుడు వాళ్ళు పిలిస్తే పోయాడు. మర్నాడే తిరిగొచ్చాడు. "రోజు గదే ఆటనట. వాళ్ళు ఈల ఊదితే ఎక్కాల్నట, ఊదితే దిగాల్నట. నేనేమన్న గానుగెద్దునా?" అన్నాడు. మా అమ్మ నెత్తి కొట్టుకుంది.

ఇక ఆ ఏడు రోజుల సంగతి. ఆ రోజుల్లో ఊరూరా ఈ ఆట ఉండేది. మైదానంలో తాడు కట్టి, మధ్యన గుంజ పాతి, మైకు పెట్టేవాళ్ళు. సైకిల్ ఎక్కినవాడు ఏడు రోజులు దిగొద్దు, కాలు నేలకు తగలొద్దు. తిండి, స్నానం, గడ్డం గీసుకోవడం అన్నీ సైకిల్ మీదే. గుంజకు భుజం ఆనించి కునుకు తీయాలి. తాండూరులో రైలు పట్టాల పక్క మైదానంలో సైకిల్ షాపు సాయబు మైకు పట్టుకున్నాడు, మా అన్న ఎక్కాడు. వండి పెట్టడానికి, నీళ్ళు పోయడానికి నేను పోయాను. నాకప్పుడే కొత్తగా పెళ్ళయింది, అత్తగారిని బతిమాలి పోయాను.

మొదటి రోజే చెప్పాడు: "చెల్లె, నీళ్ళు ఒక్కతాన పొయ్యకు. నల్లరేగడి ఇది, జారుతది. జాగ మార్చుకుంట పొయ్యి."

ఐదు రోజులు మార్చి మార్చి పోశాను. ఆరో రోజు మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతోంది. ఆయన పెదవులు పగిలి నెత్తురు కనిపిస్తోంది. ఆయన నా ముందుకు వచ్చినప్పుడల్లా, ఒక చెంబు పోయాల్సిన చోట నెత్తి మీద బిందెలకు బిందెలు పోశాను. వంటకు వేసుకున్న డేరా నీడ వదిలి ఎండలోకి నడవడానికి బద్ధకించి, నిలుచున్న చోటనే పోశాను. అవును, బద్ధకమే. నాలుగో చుట్టులో ఆ బురదలో చక్రం జారింది. ఎడమ కాలి బొటనవేలు నేలకు తగిలింది. కంటిరెప్ప కొట్టినంత సేపు. మళ్ళీ నిలదొక్కుకొని తొక్కాడు.

సాయబు తినడానికి పోయాడు. జనమూ లేరు. బురదలో వేలి గుర్తు ఉంటే నా కాలితోనే చెరిపేశాను.

"నేనేం చూడలే. నడువన్నా" అన్నాను.

"నువ్వు చూడలే, సరే. నేను చూసిన గద" అన్నాడు తిరుగుతూనే.

"నీళ్ళు నేను పోసిన. తప్పు నాది."

"నీళ్ళు నువ్వు పోసినవు. సైకిల్ నేను తొక్కుతున్న. నువ్వు నోరు తెరవకు."

సాయంత్రం జనం నిండాక మా అన్న సాయబు చేతిలోంచి మైకు తీసుకొని, "నా కాలు తగిలింది, ఆట అయిపోయింది" అని చెప్పి దిగేశాడు. సాయబు తల పట్టుకున్నాడు. "అరె పాగల్, ఎవడు చూసిండు? ఒక్కరోజే గద, ఎక్కు!" మా అన్న ఎక్కలేదు. జనం ఈలలేశారు. "నిద్రవోయిండు", "తాగిండు" అని అరిచారు. ఆరు రోజులు నేల తొక్కని కాళ్ళు, నాలుగడుగులు వేసి కూలబడ్డాడు. నేను డేరా వెనక నిలబడి అంతా విన్నాను. నా నీళ్ళకే జారాడని ఒక్క మాట అనలేదు. నోరు తెరవకన్నాడని కాదు, సిగ్గుతో. ఆ సిగ్గును ఆయన మీద కోపంగా మార్చుకొని, అన్నం కూడా పెట్టకుండా మైదానం పక్కనున్న ఒక ఇంటివాళ్ళ దగ్గర పడుకున్నాను.

తర్వాత మేం మామూలుగానే ఉన్నాం. పండగలకు వచ్చేవాడు, నా పిల్లలను ఆ బ్రేకుల్లేని సైకిల్ మీద తిప్పేవాడు. నీళ్ళ మాట మాత్రం నేనెత్తలేదు, ఆయనా ఎత్తలేదు. ఎప్పుడైనా ఎత్తుతాడని యాభై ఏళ్ళు ఎదురుచూశాను. ఇద్దరికి తెలిసిన సంగతిని ఇప్పుడు నేనొక్కదాన్నే మోస్తున్నాను. వినండి. మా అన్న కునకలేదు. నేను జార్చాను.

ఆట ఆగిపోయిన మర్నాడు, ఏడో రోజు పొద్దున, ఆయనకు చెప్పకుండానే వికారాబాద్ రైలెక్కాను. రైలు కదిలి మైదానం పక్కకు వచ్చింది. తాడు విప్పేశారు, మైకు లేదు, ఒక్క మనిషి లేడు. పెద్దేముల్ దిక్కు నుంచి తోలుకొచ్చిన మేకలు లోపలంతా పరుచుకొని మేస్తున్నాయి. వాటి మధ్య నుంచి, ఒక్కదాన్నీ తాకకుండా, కాళ్ళు పెడళ్ళ మీద నుంచి తీయకుండా, మా అన్న గుండ్రంగా తిరుగుతున్నాడు.