తెడ్డు అందించినందుకు

"స్పోర్టివ్‌గా తీసుకో అమ్మా" అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఈ మాట గెలిచినవాళ్లకు ఎవరూ చెప్పరు. దెబ్బ తిన్నవాళ్లకే చెబుతారు, అదీ కొట్టినవాళ్లను పక్కన నిలబెట్టుకొని. నాకు మొదటిసారి ఈ మాట చెప్పిన పెద్దమనిషి చేతిలో కొబ్బరిబోండాం ఉంది. నోట్లోంచి స్ట్రా పూర్తిగా తీయకుండానే చెప్పాడు.

మాది మాచర్ల అవతల, సాగర్ నీళ్ల ఒడ్డున ఉన్న గూడెం. నాన్న వలలు వేస్తాడు. నేను నడక నేర్చిందీ, పుట్టిలో కుదురుగా కూర్చోవడం నేర్చిందీ ఇంచుమించు ఒకేసారని అమ్మ అంటుంది. పుట్టి అంటే గుండ్రంగా బుట్టలా ఉండే మా పడవ. అందులో ఒకరు కొంచెం అటూ ఇటూ కదిలినా రెండోవాళ్లు నీళ్లలో ఉంటారు. అందుకే మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరైనా నీళ్లలో పడితే, దగ్గరున్నవాళ్లు ఎంత పనిలో ఉన్నా ఆగి తెడ్డు అందించాలి. పడ్డ మనిషి దాన్ని పట్టుకొని ఎక్కాలి. ఎక్కినాక, తెడ్డు అందించినవాళ్ల వెనకాలే ఒడ్డు దాకా రావాలి. తడిసి వణుకుతున్న మనిషికి చేతుల్లో పట్టుండదు కదా, ముందుపోయేవాళ్లను చూసుకుంటూ మెల్లగా వేసుకొస్తాడు. వాళ్లను దాటి ముందుకు పోవడమనేది మా గూడెంలో నేను చూడలేదు. తాగి పడ్డవాళ్లు కూడా బుద్ధిగా వెనకాలే వచ్చేవాళ్లు.

టూరిస్టుల కోసం పెట్టిన బోటింగ్ దగ్గర నాకు పని దొరికింది. వచ్చినవాళ్లకు లైఫ్ జాకెట్లు తొడిగి బెల్టులు బిగించడమే పని. అక్కడికే ఈ ప్యాడిల్ బోర్డులు వచ్చాయి. పొడుగాటి పలక మీద నిలబడి, పొడుగాటి తెడ్డుతో నీళ్లు తోసుకుంటూ పోవాలి. పట్నం నుంచి వచ్చిన మొనగాళ్లంతా ఎక్కడం, దభీమని పడటం. నేను ఎక్కి నిలబడ్డాను, పోయి వచ్చాను. అందులో గొప్పేముంది, పుట్టిలో నిలబడి వల విసిరే ఇంటిదాన్ని. అమ్మ మాత్రం, ఇస్త్రీ బల్ల ఎక్కి ఊరేగుతున్నావా అని ఎగతాళి చేసేది.

ఎగతాళి ఎక్కువ కాలం సాగలేదు. ఆ బోర్డుల మీద పందేలు ఉంటాయని, మా నీళ్లలోనే సెలెక్షన్ రేసు పెడుతున్నారని, ఆడపిల్లల్లో మొదట వచ్చిన ఒక్కరిని రాష్ట్రం జట్టులోకి తీసుకొని దేశం పోటీలకు పంపుతారని తెలిసింది. నాకు పిచ్చి పట్టింది. పొద్దున పని మొదలుకాకముందు, సాయంత్రం టూరిస్టులు వెళ్లిపోయాక నీళ్లలోనే ఉండేదాన్ని. అరచేతులు కాయలు కాశాయి. సెలెక్ట్ అయితే సరే, కాకపోతే ఇది కట్టిపెట్టి తనతో మిర్చి కోతలకు రావాలని అమ్మ తెగేసి చెప్పింది. సరేనన్నాను. ఓడిపోతానని అనుకుంటే కదా.

రేసులో నాకు పోటీ ఒక్కతే. సముద్రం ఒడ్డున పెరిగిన పిల్ల. నాకంటే చిన్నది, నాకంటే మంచి బోర్డు, వెంట కోచ్. మొదటినుంచీ నా వెనకాలే అంటుకొని వచ్చింది. ముందు బోర్డు చీల్చిన నీళ్లలో వెనకవాళ్లకు కష్టం తగ్గుతుంది. అది తప్పు కాదు, ఆటలో ఉన్నదే. నాకు దానిమీద కోపం లేదు.

ఆఖరి మలుపు దగ్గర గుర్తుగా నీళ్లలో తేలే ఎర్ర బోయా కట్టారు. దాన్ని చుట్టి వస్తే ఇక నేరుగా ఫినిష్ లైనే. నేను బోయాకు ఆనుకొని తిరుగుతుంటే ఆ పిల్ల లోపలినుంచి దూరింది. సందు లేదని తెలుసు, అయినా దూరింది. ఆమె బోర్డు ముక్కు నా బోర్డు డొక్కలో గుద్దింది. నేను మోకాళ్లు వంచి నిలబడ్డాను. ఆ పిల్ల పడింది.

ఎదురుగా ఫినిష్ లైన్ కనిపిస్తోంది. నేను ఆగాను. ఆలోచించి ఆగలేదు, దయ తలచీ ఆగలేదు. పక్కన మనిషి పడితే నా చేతులు చేసే పని అదే. తెడ్డు చాపాను, పట్టుకుంది, తన బోర్డు ఎక్కింది. ఇక నా వెనకాలే వస్తుంది కదా అని, ఆమె సరిగ్గా నిలబడిందా లేదా అని చూస్తున్నాను. ఆ పిల్ల నా బోర్డు వెనక భాగం మీద కాలు పెట్టి బలంగా ఒక్క తోపు తోసింది. నేను మోకాళ్ల మీద పడ్డాను. లేచి చూసేసరికి ఆమె వీపు కనిపించింది. ఎంత తెడ్డు వేసినా అందలేదు.

జడ్జీల బోటు అప్పుడు ఎక్కడో వెనకబడ్డవాళ్ల దగ్గర ఉంది. మలుపు దగ్గర జరిగింది ఎవరూ చూడలేదు. నేను గోల గోల చేశాను. ఆ పిల్లను అడిగితే, తగిలిందేమో తెలియదు సార్, ఈ అక్క చాలా మంచిది, నాకు సాయం చేసింది అని చెప్పింది. అప్పుడే ఆ పోటీలు పెట్టినవాళ్లలో పెద్ద, కొబ్బరిబోండాం పెద్దమనిషి, ఆ మాట అన్నాడు. అనడమే కాదు, అప్పటికప్పుడు మిగిలిపోయిన షీల్డు ఒకటి వెతికి తెప్పించి, క్రీడాస్ఫూర్తికి బహుమతి అని మైకులో నా పేరు పిలిచాడు. గెలుపును త్యాగం చేసిన ఆడబిడ్డ అట. త్యాగం ఎవరు చేశారు? నా సొమ్ము ఎత్తుకుపోయి, దానం చేసిన పుణ్యాత్మురాలివని దండ వేస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది నాకు. నేను స్టేజీ ఎక్కలేదు. ఆ షీల్డును మా బోటింగ్ మేనేజర్ తెచ్చి మా ఇంట్లో ఇచ్చాడు.

జాకెట్లు విప్పే చోట ఆ పిల్లే నా దగ్గరికి వచ్చింది. పొగరుగా రాలేదు, అదే నా ఖర్మ. నిజంగా తెలియక అడిగింది.

"నిన్నెవరు ఆగమన్నారక్కా? జాకెట్ ఉంది, కాలికి బోర్డు తాడు ఉంది. నేనేమన్నా మునిగిపోతానా?"

నేను నోటికొచ్చినట్టు తిట్టాను. మా పద్ధతి ఏందో, తెడ్డు అందుకున్న మనిషి ఎవరి వెనకాల రావాలో, మా గూడెంలో తాగుబోతుకు ఉన్న బుద్ధి కూడా తనకు లేదని, అన్నీ కలిపి తిట్టాను. వింది. జాకెట్ అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

నాన్న ఒడ్డుమీది నుంచి చూశాడు కానీ అంత దూరం ఆయనకు ఆనలేదు. ఇంటికొచ్చి జరిగింది చెబితే ఒక్కటే అడిగాడు.

"లేచినాక నిన్ను దాటిపోయిందా?"

అవునన్నాను. ఎవరన్నా అట్లా పోతారా అని తనలో తనే అనుకుంటూ వల సర్దుకున్నాడు. నేను ఓడిపోయిన సంగతికంటే ఆ సంగతే ఆయన్ను ఎక్కువ బాధపెట్టింది. షీల్డును మాత్రం టీవీ పక్కన పెట్టాడు. దాన్ని చూసినప్పుడల్లా నాకు పుండు మీద కారం చల్లినట్టుండేది. మాచర్ల బజారుకు పోతే, కిరాణా కొట్టు బాబాయి దగ్గర నుంచి బస్సు కండక్టరు దాకా అందరూ మెచ్చుకునేవాళ్లు, చానా గొప్ప పని చేశావమ్మా అని. గొప్ప పని చేస్తే కోతలకు ఎందుకు పోతున్నాను?

అమ్మను బతిమాలి ఇంకొక్క ఏడు అడిగాను. ఇదే ఆఖరు అంది. ఆ ఏడంతా నేను ఆ పోటీలు పెట్టేవాళ్ల ప్రాణం తీశాను. ఎప్పుడు ఎవరు వచ్చినా, ఆఖరి మలుపు దగ్గర జడ్జీల బోటు పెట్టాల్సిందేనని పట్టుకున్నాను. విసిగిపోయి చివరికి పెట్టారు.

రెండో ఏడూ ఆ పిల్ల వచ్చింది. మళ్లీ నా వెనకాలే, మళ్లీ అదే మలుపు. ఈసారి నన్ను గుద్దలేదు, ఆ మాట చెప్పుకోవాలి. గాలి తిరిగి పక్కనుంచి అల కొట్టింది. నేను తట్టుకున్నాను. వెనకాల నీళ్ల చప్పుడు వినిపించింది.

దేవుడా, మళ్లీనా అనుకున్నాను. పోవాలనే అనుకున్నాను. ఏడాది కోపం ఉంది లోపల. చేతులు మాట వినలేదు. పళ్లు కొరుక్కుంటూ బోర్డు తిప్పి తెడ్డు చాపాను. నోరు మాత్రం ఊరుకోలేదు.

"ఒసేయ్, పట్టుకో. ఒడ్డు దాకా నా వెనకాలే రావాలి. ముందుకొచ్చావంటే ఇదే తెడ్డుతో నెత్తి పగలగొడతా."

ఆ పిల్ల పట్టుకుంది, ఎక్కింది. నేను కదిలాను. వెనక్కి చూస్తే నా వెనకాలే వస్తోంది. ఫినిష్ లైన్ ఒడ్డుకు దూరంగా, నీళ్లలోనే ఉంటుంది. నేను ముందు దాటాను. ఆమె తర్వాత దాటింది. నా గుండె నిండిపోయింది. ఇంతలో విజిల్ వేశారు.

జడ్జీల బోటు పక్కకు వచ్చి ఆగింది. నేను ఏడాదంతా కొట్లాడి పెట్టించిన బోటు. అందులో కొబ్బరిబోండాం పెద్దమనిషి కూర్చొని ఉన్నాడు. తోటి క్రీడాకారిణిని కొడతానని బెదిరించానట, అది క్రీడాస్ఫూర్తికి విరుద్ధమట. పోయినేడు ఆ స్ఫూర్తికే నాకు షీల్డు ఇచ్చిన మనిషి! బెదిరించిందా అని ఆ పిల్లను అడిగారు. అవును సార్, కానీ తెడ్డు ఇచ్చింది, తను ఇవ్వకపోతే నాకు ఇంకా ఆలస్యమయ్యేది అంది. అవును అన్నంతవరకే వాళ్లకు వినిపించింది. ఆ పిల్లకు సారీ చెబితే ఇంతటితో వదిలేస్తామని, లేకపోతే నన్ను లెక్కలోంచి తీసేస్తామని అన్నారు.

రాష్ట్రం జట్టు నాకు ఒక్క మాట దూరంలో ఉంది. చెప్పేద్దామనే నోరు తెరిచాను. తెరిస్తే వచ్చింది వేరే మాట.

"పోయినేడు నన్ను తన్ని పోయినందుకు నాకెవరు చెప్పారు సార్ సారీ?"

అయిపోయిన సంగతి ఇప్పుడెందుకమ్మా అన్నాడు. ఆ తర్వాత, ఇక అనడేమో అనుకున్నది అననే అన్నాడు.

"కొంచెం స్పోర్టివ్‌గా తీసుకో."

అంతే, ఇక సారీకి నా నోరు తిరగలేదు. చెప్పనన్నాను. కావాలంటే బతిమాలతాను, మళ్లీ రేసు పెట్టండి పోటీ చేస్తాను, తెడ్డు అందించిన చేతుల్తో దండం మాత్రం పెట్టనన్నాను. పెద్దమనిషి విసుక్కొని నన్ను తీసేశానన్నాడు. సీటు ఆ పిల్లకు ఇస్తున్నట్టు అక్కడే చెప్పి, బోటు తిప్పుకొని పోయాడు.

మిగతావాళ్లంతా అప్పటికే ఒడ్డుకు పోయారు, నీళ్ల మీద మేమిద్దరమే మిగిలాం. ఒడ్డు చాలా దూరం. నేను తెడ్డు వేయడం మొదలుపెట్టాను. కళ్ల నిండా నీళ్లు, ఎటు పోతున్నానో కూడా సరిగ్గా కనపడటం లేదు. కొంత దూరం పోయాక వెనక తెడ్డు చప్పుడు వినిపించింది. ఆ పిల్ల ఇంకా నా వెనకాలే వస్తోంది. కావాలనే మెల్లగా వేశాను. ఆమె మెల్లగా వేసింది. పూర్తిగా ఆగిపోయాను. ఆమె కూడా ఆగింది. నాకు తిక్క రేగింది.

"పోవే ముందుకు. సీటు నీకే ఇచ్చారుగా, ఇంకా ఏందీ మర్యాద?"

ఆ పిల్ల బోర్డు మీద అట్లాగే నిలబడి, నా వైపు చూడకుండా చెప్పింది.

"ఇంకా ఒడ్డు రాలేదుగా అక్కా."

మళ్లీ తెడ్డు వేశాను. ఒడ్డున నాన్న కనిపించాడు. అంత దూరం నుంచి ఆయనకు మొహాలు ఆనవు. ముందు నేను వస్తున్నాను, వెనక ఆ పిల్ల వస్తోంది, అంతవరకే కనిపించి ఉంటుంది. భుజం మీది తువ్వాలు తీసి, పక్కవాళ్లకు నన్ను చూపిస్తూ, గాల్లోకి ఎత్తి ఊపుతున్నాడు.