కొమ్ము లేని వీధి

వీధులకు పేర్లు పెట్టేది పెద్దమనుషులనుకుంటాం గానీ, నిలిచేవి కూలీనాలీ జనం పెట్టినవే. చీరాల్లో నేనెరిగిన కండెల సందులో ఇప్పుడు మగ్గాలకు నూలు కండెలు చుట్టేవాళ్లు లేరు, సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఆటోవాళ్లకు మాత్రం అది ఇంకా కండెల సందే. సరే, చీరాల అలా ఉంచి పుల్లమ్మ సంగతికొస్తాను. ఆమెది గుంటూరు శివారు, ప్రత్తిపాడు వైపు, మిర్చి గోడౌన్ల వెనక పెరిగిన పేట.

ముప్పై ఏళ్ల కిందట అక్కడున్నవి ఆరిళ్లు. పుల్లమ్మ తన వాకిట్లో పట్టా పరిచి, పదిమంది ఆడవాళ్లను కూడగట్టి మిరపకాయల తొడిమలు తీయడం మొదలుపెట్టింది. ఆ ఘాటుకు దారిన పోయే ప్రతివాడూ తుమ్మేవాడు. ఒంటి తుమ్ము తుమ్మి అడుగు ముందుకు వేయకూడదు గదా! అందుకని ఆమె గుమ్మం పక్కన నీళ్ల బిందె పెట్టింది. ఆగినవాడు కూర్చుని, నీళ్లు తాగి, రెండో తుమ్ము వచ్చాక లేచేవాడు. అలా ఆగినచోట రెండు పెళ్లి సంబంధాలు కూడా కుదిరాయి. అది తుమ్ముల వీధి అయింది.

ఈమధ్య వీధివీధికీ నీలం బోర్డులు పెట్టారు. పుల్లమ్మకు చదువు రాదు. పక్కింటి రిహానా చదివింది.

"తుమ్మల వీధి అని రాశారు పెద్దమ్మా."

"తుమ్మలెవరే?"

"ఇంటిపేరన్నా అయ్యుండాలి, తుమ్మచెట్లన్నా అయ్యుండాలి. మన వీధిలో రెండూ లేవు. కొమ్ము ఎగిరిపోయింది, అంతే."

పుల్లమ్మ ఆ పూట తొడిమ తీయలేదు. "నా వల్ల వచ్చిన పేరు ఇదొక్కటే. దాన్ని కూడా ఎవరికో రాసిచ్చారు" అంటూ వార్డు ఆఫీసుకు నడిచింది.

అక్కడి ఆఫీసరు బాబ్జీ తల కూడా ఎత్తలేదు. "అడగ్గానే మార్చడానికి నీకేమన్నా కొమ్ములున్నాయా?"

"కొమ్ము లేకే గదయ్యా వచ్చింది."

ఆయనకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. "తుమ్ముల పేరు వీధికెవరన్నా పెడతారా? రుజువేంటి?"

"వచ్చి చూడండి."

మర్నాడు వచ్చాడు. బోర్డు ఫొటో తీసుకుని, "కుదరదమ్మా" అని బండెక్కబోతూ తుమ్మాడు. ఒకటే తుమ్ము. ఎత్తిన కాలు దించాడు.

"కూర్చోండి సార్" అంది పుల్లమ్మ, గ్లాసు అందిస్తూ.

నీళ్లయ్యాయి, టీ అయింది. రెండోది రాలేదు.

"ఇదేంటమ్మా, రాదు?"

"ఒకటి సగం రుజువే సార్. ఒసే రిహానా, ఆ బుట్ట ఇటు కుమ్మరించు."

తరవాత ఆయన ఎన్ని తుమ్మాడో లెక్కపెట్టినవాళ్లు లేరు, అందరూ నవ్వుతున్నారు. ఆయనా కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూనే పేరు దిద్దమని కాగితం రాసి సంతకం చేశాడు.

పెయింటరు బాలు నిచ్చెనేసుకుని తెల్లరంగుతో కొమ్ము దిద్దుతూ, సరిగ్గా సగంలో తుమ్మాడు. కొమ్ము బోర్డు అంచుదాకా సాగింది.

"తుడిచేసి మళ్లీ దిద్దుతా అక్కా."

పుల్లమ్మ తలెత్తి తృప్తిగా చూసుకుంది. ఆమె గుర్తుపట్టగలిగే అక్షరం అదొక్కటే. "ఉండనీరా, దూరానికి కూడా కనపడుతుంది. నువ్వు దిగి నీళ్లు తాగు, ఒంటి తుమ్ము."